పాలెం బడి డాబా మీది ఎండ

"ఈ పాఠశాలలో సౌర విద్యుత్తుకు అనుకూల పరిస్థితులు లేవు."

జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన ఈ కాగితాన్ని బడి వరండాలో నిలబడి నేనే పైకి చదివాను. చదువుతుంటే నుదుటి మీది చెమట కళ్లజోడు మీదికి కారింది. ఫిబ్రవరి చివర అది. బడి పక్క కళ్లాల్లో మిరపకాయలు చేత్తో కదిపితే గింజలు గలగలలాడేంతగా ఎండిపోయి ఉన్నాయి. ఇంత ఎండని నెత్తిన మోస్తున్న మాకు, ఎండతో పనిచేసే వస్తువు పనికిరాదట. ఆ మాట రాసినవాళ్లు ఏ చల్లని గదిలో కూర్చుని రాశారో!

"కింద కూడా చదవండి తాతగారూ" అంది పెద్ద మేడమ్. ఆవిడ మా పాలెం బడికి ప్రధానోపాధ్యాయురాలు. రోజూ దర్శి నుంచి బస్సులో వస్తుంది. నెమ్మదైన మనిషి, గొంతు పెంచగా నేను వినలేదు.

కింద ఉన్నది ఇంకా ఘోరం. పది రోజుల్లో బడి మీది ఎనిమిది సోలార్ ప్లేట్లు, బ్యాటరీలు, పెట్టె అంతా దించి ఊళ్లోని హైస్కూలుకు తరలిస్తారట. సిబ్బంది సహకరించాలట.

"సహకరిస్తారా?" అని అడిగాను.

"నేను ఉద్యోగిని గదండీ" అంది ఆవిడ, కాగితం మడతపెడుతూ.  నాకు ఆవిడ మీద కోపం రాలేదు. కాగితం మీద వచ్చింది.

మా పాలెం అంటే ఊరికి దిగువన, కాలువ గట్టు పక్కన ఉన్న అరవై డెబ్భై ఇళ్లు. నడుమ చిన్న చర్చి, దాని ఎదురుగా రెండు గదుల బడి. అందరం కూలిపనుల వాళ్లం. మిరపకు మందు కొట్టడం, పత్తి తీయడం, కాయ కోయడం మా పని. నేను ఏ బడికీ వెళ్లలేదు. చిన్నప్పుడు చర్చిలో పాటలన్నీ నోటికి వచ్చేవి, అక్షరాలు మాత్రం వచ్చేవి కావు. పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, పాడుతూ, ఒక్కో అక్షరం మీద వేలు జరుపుకుంటూ పోయాను. ఏ శబ్దానికి ఏ గుర్తో అలా తెలిసింది. ఆ తర్వాత పురుగుమందు డబ్బాలు చదివాను, ఎరువు బస్తాలు చదివాను. పకోడీ పొట్లం కట్టిన కాగితాన్ని కూడా పకోడీలు తినకముందే చదివేవాణ్ణి. నాకు చదువు ఎవరూ దానం చెయ్యలేదు. అందుకే చదివినదాన్ని ఎవరి ముందైనా పైకి చదవగలను.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఊళ్లోకి కరెంటు వచ్చిన నాటికి నేను మీసకట్టు రాని వయసులో ఉన్నాను. స్తంభాలకు గుంతలు తవ్వింది మా నాయనా, మా చిన్నాయనా. స్తంభాలు భుజాల మీద మోసుకొచ్చింది మా పాలెం మగవాళ్లు. ఆఖరి స్తంభం ఊరి చివరి గడ్డివాము దగ్గర పాతారు. అక్కడి నుంచి మా ఇళ్లకు ఏడు స్తంభాల దూరం. మా నాయన అడిగితే, "స్తంభాలు అయిపొయినయ్యిరా, మళ్లీ వస్తయ్" అన్నారు. ఆ ఏడు స్తంభాలు రావడానికి నాకు పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాల్సి వచ్చింది. వచ్చాక మాత్రం ఏం ఒరిగింది? లైను చివర ఉన్నాం గనక, ఊళ్లో మోటార్లన్నీ ఆడగా మిగిలిన కరెంటు మాది. బల్బులో తీగ పండుమిరపకాయలా ఎర్రగా కనపడేది. ఆ తీగనైతే చూడగలిగేవాళ్లం, దాని వెలుగులో ఇంకేదీ చూడలేకపోయేవాళ్లం.

అందుకని, మూడేళ్ల కిందట మా ఇంటి మీద ఒక సోలార్ ప్లేటు పెట్టించాను. మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూసింది.

"ఈ అద్దం ముక్కతో ఫ్యాను తిరిగిందంటే నిన్ను పేరు పెట్టి పిలుస్తానయ్యో" అంది.

ఫ్యాను తిరిగింది. ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవలేదు గానీ ఫ్యాను కింది మంచాన్ని ఆక్రమించింది. ఇప్పటికీ ఖాళీ చెయ్యలేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఊరంతా కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో ఫ్యాను చప్పుడు విని పక్కింటివాళ్లు చంటిబిడ్డను తెచ్చి మా మంచం మీద పడుకోబెట్టేవాళ్లు. ఎండ ఎంత ముదిరితే ఫ్యాను అంత జోరుగా తిరుగుతుంది. ఎండను తిట్టుకుంటూ బతికిన నాకు అది చూసి నవ్వొచ్చింది. డెబ్భై ఏళ్లుగా ఒళ్లు కాల్చిన ఎండ చేత మొదటిసారి నేను పని చేయించుకుంటున్నాను.

ఆ మరుసటేడు సర్కారు పథకంలో మా బడికి ఎనిమిది ప్లేట్లు వచ్చాయి. వచ్చాక ఏం మారిందో చెప్పమంటే నాకు పెద్ద మాటలు రావు, కళ్లతో చూసినవి చెబుతాను. మార్చి నెలలో ఆ రెండు గదులూ ఇటుకబట్టీల్లా ఉండేవి. మధ్యాహ్నం భోజనం కాగానే పిల్లలు ఇళ్లకు జారుకునేవాళ్లు. ఫ్యాన్లు తిరగడం మొదలయ్యాక సాయంత్రం గంట కొట్టేదాకా ఉంటున్నారు. ఎప్పుడో ఇచ్చిన పెద్ద టీవీకి గుడ్డ కప్పి మూలన పెట్టారు. కరెంటు ఉన్నప్పుడు పాఠం ఉండేది కాదు, పాఠం ఉన్నప్పుడు కరెంటు ఉండేది కాదు. ఆ గుడ్డ తీశారు. బోరు మోటారు పగలంతా ఆడి మరుగుదొడ్లలోకి నీళ్లొచ్చాయి. నాలుగో తరగతి, ఐదో తరగతి ఆడపిల్లలు మధ్యలో ఇంటికి పరుగెత్తుకొచ్చే బాధ తప్పింది. కాయకోతలకు వెళ్లే తల్లులు పిల్లల్ని చేలగట్లకు ఈడ్చుకుపోవడం మానేశారు. ప్రైవేటు బడి వ్యాను మా పాలెంలోకి వచ్చి హారన్ కొడుతుండేది. దాంట్లో పిల్లల్ని పంపేవాళ్లు కొందరు మానిపించి ఇక్కడే చేర్చారు.

ఇంకొకటి. సెలవు రోజుల్లో బడిలో వాడకం ఉండదు గనక ఆ కరెంటు లైన్లోకి వెళుతుంది. నాకు తెలిసినప్పుడు రెండుసార్లు అడిగి నిర్ధారణ చేసుకున్నాను. ఏ లైనైతే గడ్డివాము దగ్గర ఆగిపోయిందో, ఆ లైనుకు ఆదివారం పూట మా పాలెం బడి కరెంటు పోస్తోంది. ఊళ్లో వాళ్ల ఫ్రిజ్జుల్లో మా ఎండ కూడా కాస్త ఉందన్నమాట. ఆ మాట తలుచుకుని నేను చర్చిలో ప్రసంగం మధ్య కూడా నవ్వుకునేవాణ్ణి.

ప్లేట్లు బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు వెళుతూ వెళుతూ, "వారానికోసారి నీళ్లతో కడగండి" అన్నారు. ఒక పుస్తకం ఇచ్చారు. తెరిస్తే ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క హిందీ. పాలెం బడి మీద పెట్టే వస్తువుకు తెలుగులో నాలుగు ముక్కలు రాయడానికి వాళ్లకు చెయ్యి రాలేదు. పురుగుమందు కంపెనీవాడు నయం. చంపే మందుకైనా తెలుగులో రాస్తాడు.

కడిగే పని నేనే తీసుకున్నాను. ఎవరూ చెప్పలేదు. డాబా మీద కుళాయి లేదు. చాన్నాళ్లు బకెట్లతో మోసుకెళ్లి చల్లాను, సగం నీళ్లు మెట్ల మీదే పోయేవి. మొన్న నవంబరులో నాకు తెలిసిన ఉపాయం ఒకటి గుర్తొచ్చింది. మందు కొట్టే పంపు. వీపుకు తగిలించుకుని నలభై ఏళ్లు మోశాను, ఆ పట్టీల గుర్తులు ఇప్పటికీ నా భుజాల మీద ఉన్నాయి. నా పంపు ఇంటి వెనక మేకుకు వేలాడుతోంది. దాన్ని మూడుసార్లు కడిగాను. బోరు నీళ్లు ఉప్పు కడతాయని తాగే నీళ్ల ట్యాంకు నుంచి పట్టుకొచ్చాను. ప్రతి శనివారం పొద్దున్నే పంపు తగిలించుకుని డాబా ఎక్కి, సన్నటి తుంపరతో ఎనిమిది ప్లేట్లూ ఒక చివర నుంచి ఒక చివరకు తడిపేవాణ్ణి. మిరప సాళ్లలో నడిచినట్టే నడక. పిల్లలు కింద నిలబడి, "తాత ప్లేట్లకు మందు కొడతన్నాడు" అని అరిచేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది.

వరండాలో ఉన్న పెట్టె మీద ఆ రోజు ఎన్ని యూనిట్లు తయారయ్యాయో అంకె కనపడుతుంది. మొదట్లో సాయంత్రానికి పన్నెండు చూపించేది. క్రిస్మస్ దాటాక పదికి దిగింది. జనవరిలో తొమ్మిది. పొద్దు చిన్నదిలే అనుకున్నాను. ఫిబ్రవరిలో ఎండ ముదురుతుంటే అంకె పెరగాలి గదా, ఏడుకు పడిపోయింది. నేను శనివారాలే కాకుండా బుధవారాలు కూడా కడగడం మొదలుపెట్టాను. అది ఆరయింది. మధ్యాహ్నానికే బ్యాటరీలు ఖాళీ. కరెంటు పోతే టీవీలో పాఠం సగంలో ఆగి నల్లబడేది. ఫ్యాన్లు నిదానించి నిదానించి ఆగిపోతుంటే పిల్లలు తలలెత్తి వాటినే చూసేవాళ్లు.

మేడమ్ ఆఫీసుకు రాస్తే ఒక ఇంజనీరు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా. పెట్టె మీది అంకెకు ఫోనుతో ఫొటో తీశాడు. కళ్లాల వైపు చూసి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని రెండుసార్లు తుమ్మాడు.

"చుట్టూ మిర్చి కళ్లాలు, పత్తి నూగు. ఈ డస్టులో కష్టమండీ. మీవాళ్లు మెయింటెయిన్ చెయ్యలేరు" అన్నాడు.

"డాబా ఎక్కి చూస్తారా?" అని అడిగాను.

"అక్కర్లేదు పెద్దాయనా. డేటా ఉందిగా" అన్నాడు.

ఆ డేటా నుంచి పుట్టిందే నేను వరండాలో చదివిన కాగితం.

కాగితం వచ్చిన మూడో రోజున ఊళ్లో టీకొట్టు దగ్గర హైస్కూలు కమిటీ పెద్దాయన తగిలాడు. ఆయనా నేనూ ఒక ఈడువాళ్లం. ఆయన మిరపచేలో ముప్పై ఏళ్లు మందు కొట్టాను. చెడ్డవాడని చెప్పను. కానీ ఈ వయసులో కూడా నన్ను ఏరా అనే అంటాడు, నేను అండీ అనే అంటాను. ఆ లెక్క ఎవరు వేశారో ఇద్దరికీ తెలుసు.

"ఏరా, మీ ప్లేట్లు మా హైస్కూలుకొస్తన్నయ్యంటగా?" అన్నాడు, పదిమందికీ వినపడేలా.

"రావండి."

"కాయితం వచ్చిందంటగదరా!"

"కాయితం వచ్చింది. ప్లేట్లు రావు."

టీ తాగుతున్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. "ఎందుకురా నీకీ మొండితనం? మీ దగ్గరుంటే పాడైపోతయ్. హైస్కూల్లో ఐతే నలుగురు చదువుకున్నోళ్లు సూసుకుంటారు."

"మీ చేలో ముప్పై ఏళ్లు పంపు మోశా. ఒక్కనాడన్నా పాడుచేశానా అండీ?"

"అది పంపురా. ఇది సైన్సు."

 టీ సగం వదిలేసి వచ్చేశాను. ఆ మాట అన్నప్పుడు ఆయనకు గానీ నాకు గానీ తెలియని సంగతి ఒకటుంది. అది తెలియడానికి మా ఆవిడ కావాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని అందర్నీ తిడుతున్నాను. ఇంజనీర్ని, ఆఫీసుని, ఊరిని. మా ఆవిడ మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది.

"ఏమయ్యా, మనింటి మీద ప్లేటు బానే ఉందిగా" అంది.

"అయితే?"

"అయితే ఏందయ్యా! అదే ఎండ. అదే దుమ్ము. మన వెనక కూడా కళ్లమేగా? మనదానికి రాని రోగం బడివాటికెందుకొచ్చింది?"

నేను తిట్టడం ఆపాను. మా ఇంటి ప్లేటు రేకు మీద చేతికందే ఎత్తులో ఉంది. దాన్ని ఆవిడే పాత చీరముక్క తడిపి తుడుస్తుంది, నేనెప్పుడూ దాని జోలికి పోలేదు.

"బడివాటిని నువ్వు దేంతో కడుగుతున్నావ్?" అని అడిగింది.

"నీళ్లతో."

"నీళ్లు దేంట్లో?"

చెప్పాను. ఆవిడ చింతపండు చాట పక్కన పెట్టి లేచింది. చెప్పులేసుకుని బడివైపు నడిచింది. వెనక నేను. మోకాళ్ల నొప్పులతో చర్చి మెట్లు ఎక్కడానికి కూడా నా భుజం పట్టుకునే మనిషి, ఆ రోజు డాబా మెట్లు ఒక్కతే ఎక్కింది. మొదటి ప్లేటు మీద బొటనవేలు పెట్టి రుద్దింది. వేలు జారలేదు, అంటుకుని చిన్న చప్పుడుతో ఊడొచ్చింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నా వైపు తిరిగింది.

"ఇది జిగురు మందయ్యా."

మిరపకు పురుగుమందు కొట్టేటప్పుడు అది ఆకు మీంచి జారిపోకుండా అందులో జిగురు మందు కలుపుతారు. మంచుకు కడుక్కుపోదు, వానకు కడుక్కుపోదు. దాని గొప్పే అది. నలభై ఏళ్లు నా పంపులో అది తిరిగింది. ట్యాంకు గోడలకు, గొట్టానికి, నీళ్లు చిమ్మే ముక్కుకు పట్టి ఉంది. నేను కొట్టిన ప్రతి తుంపరతోనూ కొంచెం కొంచెం కరిగి అద్దాల మీద పడింది. మధ్యాహ్నం ఎండకు కాలి గట్టిపడింది. దాని మీద మిరప దుమ్ము, పత్తి నూగు వచ్చి వాలి అతుక్కున్నాయి. అంకె పడిపోయే కొద్దీ నేను ఎక్కువసార్లు కడిగాను. ఎక్కువసార్లు కడిగే కొద్దీ అంకె పడిపోయింది.

"మూడుసార్లు కడిగానే పంపుని" అన్నాను.

"నీళ్లతో పోయేదైతే దాన్ని జిగురెందుకంటారు? ముప్పై నలభై ఏళ్లు నీ మందు చొక్కాలు ఉతికినదాన్ని. సబ్బుకి కూడా పోదది. నువ్వు డబ్బా మీద కాయితాలు చదివావ్ గానీ, ఒక్క చొక్కా ఉతికావా?"

ప్లేట్ల మధ్య చతికిలబడ్డాను. నా జీవితంలో చాలాసార్లు తలదించుకోమన్నారు, దించలేదు. అప్పుడు ఎవరూ చెప్పకుండానే దించాను. పంపు సంగతి నాకు తెలుసునని పదిమందిలో చెప్పి వచ్చి గంట కూడా కాలేదు.

"ఏడుపు మొహం తర్వాత పెడుదువులే" అంది ఆవిడ. "ముందు కుంకుడుకాయలు కొట్టు."

ఆ సాయంత్రం వాకిట్లో రాయి వేసుకుని కుంకుడుకాయలు కొట్టాను. ఆవిడ వేడినీళ్లలో నానబెట్టి రసం పిసికింది. మందు చొక్కాలను ఇన్నేళ్లూ ఆవిడ దాంతోనే ఉతికిందట, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ప్లేట్లు కాలుతుండగా తడపకూడదని, పొద్దు పొడవకముందే డాబా ఎక్కాం. ఆవిడ పాత పంచె ముక్కను రసంలో ముంచి రుద్దితే, నేను చెంబుతో మంచినీళ్లు పోశాను. అద్దం మీంచి గోధుమరంగు నురుగు దిగింది. మిరప ఘాటుకు ఇద్దరం దగ్గాం. మొదటి రోజు మూడు ప్లేట్లయ్యాయి. రెండో రోజు మా ఆవిడ తోడికోడలు, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కోతకు వెళ్లేముందు వచ్చి చెయ్యేశారు. మందు చొక్కాలు ఉతికిన చేతులే అన్నీ. ఎంత రుద్దాలో, ఎక్కడ గోరు తగలకూడదో వాళ్లకు చెప్పాల్సిన పని లేకపోయింది. మూడో రోజు మళ్లీ అన్నిటినీ ఒకసారి తుడిచాం.

మొదటి సాయంత్రం అంకె ఎనిమిదయింది. రెండో సాయంత్రం పదకొండు. మూడో సాయంత్రం బడి వదిలాక మేడమూ నేనూ పెట్టె ముందు నిలబడి చూశాం. పన్నెండు దాటింది. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది.

నేను జరిగింది దాచకుండా చెప్పాను. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"తాతగారూ, ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. అంకె వచ్చింది, చాలు. పంపు మాట ఎత్తితే మిమ్మల్ని అంటారు."

"అననివ్వండి."

"ఎందుకండీ చేజేతులా..."

"మేడమ్ గారూ, అంకె ఎందుకు తగ్గిందో చెప్పకపోతే ఏమనుకుంటారు? దుమ్ము వల్ల తగ్గింది, ఏదో గాలికి పెరిగింది, మళ్లీ తగ్గుద్ది అనుకుంటారు. తప్పు మా పాలెందవుద్ది. ఇక్కడి ఎండదవుద్ది, ఇక్కడి గాలిదవుద్ది. తప్పు ఒక మనిషిదని చెప్తేనే, ఆ మనిషి ఇదిగో ఇక్కడున్నాడని చెప్తేనే, ఆ కాయితం అబద్ధమవుద్ది."

మేడమ్ బస్సుకు బయల్దేరింది. దారిలో మా గుమ్మం దగ్గర ఆగి, మా ఆవిడ చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడింది.

పదో రోజున ఇంజనీరు వచ్చాడు. వెనక ఒక ట్రాలీ ఆటో, అందులో పానాలు, తాళ్లు పట్టుకుని ఇద్దరు పనివాళ్లు. వాళ్ల వెనక మోటారుసైకిలు మీద హైస్కూలు పెద్దాయన. పాలెంలో కోతకు వెళ్లనివాళ్లంతా బడి ముందు చేరారు. నేను డాబా మెట్లకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"జరగండి పెద్దాయనా, పని ఉంది" అన్నాడు ఇంజనీరు.

"ముందు ఆ పెట్టె మీద డేటా చూడండి సార్. మీకు డేటా ఉంటే చాలుగా."

చూశాడు. ఫోనులో పాత ఫొటో తీసి, దీంతో కలిపి చూశాడు. నాలుగు రోజుల అంకెలు వెనక్కి తిప్పి చూశాడు.

"ఇదెట్లా పెరిగింది?"

"తగ్గించినోణ్ణి నేనే గనక, పెంచే దారి కూడా తెలిసింది" అని లేచి నిలబడి, జనం వైపు తిరిగి చెప్పాను. పంపు సంగతి, జిగురు సంగతి, కుంకుడుకాయల సంగతి. ఒక్క ముక్క దాచలేదు. 

హైస్కూలు పెద్దాయన పగలబడి నవ్వాడు. "నే చెప్పలా! సైన్సురా అంటే విన్నావా? మందు పంపుతో కడిగాడంట ప్లేట్లు! ఏందిరా, పురుగు పట్టిందనుకున్నావా?"

జనంలో కూడా కొందరు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఏం చెయ్యను?

"నవ్వండి. నాది బుద్ధితక్కువే" అన్నాను. "కానీ నా బుద్ధితక్కువకు పిల్లల ఫ్యాన్లు ఊడదీస్తారా? మీ హైస్కూల్లో బోరు మోటారు రెండుసార్లు కాలిపోయింది. నీళ్లు లేకుండానే ఆడించారు. ఆ మోటారు తెచ్చి మా పాలెంలో పెట్టారా అండీ?"

ఆయన నవ్వు ఆగింది. మోటారుసైకిలు అద్దంలో మీసం సర్దుకున్నాడు.

ఇంజనీరు కాసేపు పక్కకు వెళ్లి ఫోన్లో మాట్లాడి వచ్చాడు. మొహం కొంచెం మెత్తబడింది. "సరే, ఇప్పటికి ఉంచేద్దాం. ఒక హామీ పత్రం రాసివ్వండి చాలు. ఉత్పత్తి మళ్లీ తగ్గితే తరలింపుకి పాలెంవాళ్లకి అభ్యంతరం లేదని. మీరు, మేడమ్ గారు సంతకాలు పెడితే నేను వెళ్లిపోతా."

అందరూ ఊపిరి వదిలారు. పెట్టెయ్ తాతా, అని ఎవరో అన్నారు కూడా. ఆయనే అక్కడికక్కడ రాసిన కాగితం నా చేతికి వచ్చింది. మామూలుగా చదివినట్టే పైకి చదివాను. చదివి తిరిగి ఇచ్చేశాను.

"పెట్టనండి."

"అదేంటి? మీకు మేలు చేస్తున్నాను పెద్దాయనా!"

"ఈ జిల్లాలో ఎన్ని బళ్ల మీద ఈ ప్లేట్లున్నయ్ సార్? వాటిల్లో ఎన్ని బళ్ల దగ్గర ఇట్టాంటి కాయితం రాయించుకున్నారు?"

ఆయన కలానికి మూత పెట్టాడు.

"ఒక్క బడి దగ్గర కూడా రాయించుకోలేదు గదా. మా దగ్గరే ఎందుకు? ఎండ మాకు అప్పిచ్చారా మీరు? తగ్గితే ఎక్కి చూడండి, ఎందుకు తగ్గిందో చెప్పండి. మాకు తెలీకపోతే నేర్పండి. అది మీ పని. కడగటం మా పని. దించుకుపోవటం ఎవరి పనీ కాదు."

"మేడమ్, మీరన్నా చెప్పండి" అన్నాడు ఇంజనీరు.

మేడమ్ చీరకొంగు భుజం చుట్టూ తిప్పి పట్టుకుంది. ఆవిడ ఉద్యోగి అన్న సంగతి నాకు తెలుసు, అందుకే ఆవిడ వైపు చూడలేదు. ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక.

"నేనూ పెట్టనండి" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "మీరు ఒకసారి డాబా ఎక్కి చూస్తే బాగుంటుంది."

నేను కుర్చీ తీసి పక్కన పెట్టాను. ఇంజనీరు ఎక్కాడు. పనివాళ్లు కూడా ఎక్కబోతే మా ఆవిడ మెట్ల మొదట్లో నిలబడింది.

"పానాలు కింద పెట్టి ఎక్కండి నాయనా" అంది. పెట్టారు.

పైన ఇంజనీరు ప్లేటు మీద వేలు రాసి చూశాడు. చురుక్కుమని వెంటనే చెయ్యి తీసి దులుపుకున్నాడు. ఎనిమిదింటి దగ్గరకూ వెళ్లి చూశాడు. వంగి కింది వైర్లు చూశాడు. ఒకచోట బోల్టు వదులైతే పనివాణ్ణి పానా తెమ్మని బిగించాడు కూడా. ఆ ఒక్క పానాను మా ఆవిడ పైకి పోనిచ్చింది. కిందికి దిగాక మేడమ్ ఇచ్చిన మంచినీళ్లు తాగి, "కుంకుడుకాయ రసం ఎంత పలచగా కలిపారు?" అని మా ఆవిడని అడిగాడు. ఆవిడ చెప్పింది. ఆయన ఫోనులో రాసుకున్నాడు. ఆ ఒక్కటీ చూసి ఆయన మీద నాకు కొంత కోపం తగ్గింది, మొత్తం తగ్గలేదు.

ఆటో ఖాళీగా వెనక్కి తిరిగింది. హైస్కూలు పెద్దాయన ఎప్పుడు వెళ్లాడో ఎవరూ చూడలేదు.

ఇంజనీరు మేడమ్ బల్ల మీద వదిలి వెళ్లిన ఆ సంతకం లేని హామీ పత్రం బడి బీరువాలోనే ఉంది. ఆఫీసువాళ్లు దాన్ని వదల్లేదు. నెలకోసారి ఎవరో ఒకరు ఫోన్ చేసి, ఆ పాలెం పెద్దాయన సంతకం పెట్టారా అని అడుగుతారు. ఆయన డాబా మీద ప్లేట్లు తుడుస్తున్నారండీ, దిగాక చెబుతాను, అంటుంది మేడమ్. ఒక్కోసారి ఆ మాటలు నాకు పైకి వినపడతాయి. ఆ రోజు ఆఖరి ప్లేటు దగ్గర ఇంకాస్త ఎక్కువసేపే కూర్చుంటాను.